‘ఫ్రెయిట్ కట్టాలి’ సరే, ఎవరు కట్టాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న పాఠకురాలి ఉత్తరమిది. పేరు వేయొద్దన్నారు. వయసు 36. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత చిత్తూరులోనే బి.కాం. నాలుగేళ్లుగా విదేశీ బయ్యర్లకు మెయిళ్లు రాసే పని వీరిదే. పోయిన సీజన్‌లో ‘ఫ్రెయిట్ షుడ్ పే బిఫోర్ సెయిలింగ్’ అని ఒక మెయిల్ పంపారు. ఫ్రెయిట్ అంటే ఓడ కిరాయి. బయ్యరు కట్టాలని వీరి ఉద్దేశం. ఫ్యాక్టరీవాళ్లే కట్టుకుంటారని అవతలివాళ్లకు అర్థమైంది. ఆ గొడవ తేలేదాకా కంటైనర్ చెన్నై పోర్టులో రెండు రోజులు ఆగిపోయింది. అప్పటినుంచీ, చెన్నై నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు వీరి మెయిళ్లను ఆఫీసులో అందరి ముందూ పైకి చదువుతున్నారు. పక్కవాళ్లు నవ్వుతున్నారు. ఇంట్లో ఇంకొకటి. ఆరో తరగతి చదివే కొడుకు, సబ్జెక్టు కింద ఒక గీత, ఆబ్జెక్టు కింద రెండు గీతలు గీయమన్న హోంవర్కు తెచ్చి అడిగితే చెప్పలేకపోయారు. ‘నీకు రాదులేమ్మా’ అని వాడు పక్కింటి అక్క దగ్గరికి పోయాడు. భర్త మాత్రం ‘స్టోర్స్‌కి మారిపో, లేదంటే మానెయ్’ అంటున్నారు. ‘ఇంగ్లీషు రాదని కాదు, నాలుగేండ్లుగా రాస్తానే ఉండా. మాటలన్నీ తెలుసు. వాక్యంలో పెట్టేకాడికి తలకిందులైపోతా ఉండాయి’ అని రాశారు. కోచింగులో చేరాలా, ఫోన్లో తర్జుమా చేసుకుని పంపొచ్చా, సెక్షన్ మారిపోవాలా అని అడుగుతూ, తాను పంపిన మెయిళ్లు పది జత చేశారు. ఫ్రెయిట్ గురించి వచ్చే సీజన్‌లో ఎలా రాయాలో కూడా చెప్పమన్నారు.

జవాబు: అమ్మా, మీ రోగాన్ని మీరే సరిగ్గా పట్టుకున్నారు. మాటలకు కొరత లేదు. పది మెయిళ్లలో స్పెల్లింగ్ తప్పులు రెండే ఉన్నాయి, కాలాలు కూడా పెద్దగా తప్పలేదు. తప్పుతున్నది పేర్లు, అంటే నామవాచకాలు, కూర్చునే చోటు. తెలుగులో పేరుకు పని చెప్పేది దాని తోక, అంటే చివర తగిలే ‘ను’, ‘కు’ లాంటి విభక్తి. ఇంగ్లీషులో చెప్పేది అది కూర్చున్న చోటు. మీరు ఇంగ్లీషు మాటలతో తెలుగు వాక్యం రాస్తున్నారు. తోకలు ఊడిపోతున్నాయి, పేర్లు మాత్రం తెలుగులో ఉన్నచోటే ఉండిపోతున్నాయి.

పలమనేరు వైపు తరచూ వినే వార్తనే తీసుకుందాం. ‘ఏనుగు రైతును తరిమింది.’ దీన్ని ‘రైతును ఏనుగు తరిమింది’ అన్నా పరుగెత్తింది రైతే. ‘ను’ అనే ద్వితీయా విభక్తి రైతుకు అతుక్కుని ఉన్నంతవరకూ ఆయన్ని వాక్యంలో ఎక్కడ నిలబెట్టినా కర్మే. ఇంగ్లీషులో ‘ది ఎలిఫెంట్ చేజ్డ్ ద ఫార్మర్’ అంటే ఏనుగు తరిమినట్టు. ‘ద ఫార్మర్ చేజ్డ్ ది ఎలిఫెంట్’ అంటే రైతు తరిమినట్టు. మాటలు అవే, వాటిమీద ఒక్క అక్షరం మారలేదు. క్రియకు ముందున్న పేరు కర్త, అంటే సబ్జెక్టు. క్రియ తర్వాత ఉన్నది కర్మ, అంటే ఆబ్జెక్టు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు కూడా ఇలాంటి తోకలుండేవి. అవి అరిగిపోయాక ఆ పనంతా వరుసక్రమం మీద పడింది. కర్తకూ కర్మకూ తేడా చూపే పాత తోకల గుర్తులు సర్వనామాల్లోనే మిగిలాయి: ఐ, మి, హి, హిమ్, షి, హర్, వి, అస్, దే, దెమ్.

ఇక మీ మెయిళ్లు. అన్నీ ఒకే రకం తప్పులు కావు, విడదీసి చూస్తే భయం సగం తగ్గుతుంది.

‘ద డ్రమ్స్ లోడెడ్ ద కంటైనర్ ఎస్టర్డే.’ డ్రమ్ముకు 215 కిలోల చొప్పున 80 డ్రమ్ములు, 17 టన్నుల పైచిలుకు గుజ్జు, తనంతట తానే లేచి కంటైనర్ నింపేసిందని ఈ వాక్యానికి అర్థం. మీ మనసులో ఉన్న తెలుగు వాక్యం ‘నిన్న డ్రమ్ములు కంటైనర్‌లోకి ఎక్కించాం’. ఇందులో రెండు మెలికలున్నాయి. ప్రాణం లేని వస్తువు కర్మ అయితే మనం ‘ను’ తరచూ వదిలేస్తాం. రైతును తరిమింది అంటాం కానీ డ్రమ్ములను ఎక్కించాం అనం, డ్రమ్ములు ఎక్కించాం అంటాం. తోక లేకపోయేసరికి కర్మ కూడా కర్తలాగే కనబడుతుంది. రెండోది, అసలు కర్త ‘మేము’ వాక్యంలో లేదు. ‘ఎక్కించాం’ చివరున్న ‘ఆం’లో దాగి ఉంది. కాబట్టి తెలుగు వాక్యంలో మొదట కంటపడిన పేరును మీరు ఇంగ్లీషులో మొదటి చోట పెట్టేశారు. క్రియ చివరను చూసి ‘ఎవరు?’ అని అడిగి ఉంటే ‘మేము’ బయటికొచ్చేది: ‘వి లోడెడ్ ద డ్రమ్స్ ఇంటు ద కంటైనర్ ఎస్టర్డే.’

ఫ్రెయిట్ వాక్యంలోనూ ఇదే జరిగింది. కాకపోతే అది ఇంకాస్త ప్రమాదకరం. ‘ఎక్కించాం’లో కర్త కనీసం దాగి ఉంది. ‘ఫ్రెయిట్ కట్టాలి’లో దాగి కూడా లేదు. నేను కట్టాలి, మీరు కట్టాలి, వాళ్లు కట్టాలి, అన్నిటికీ ‘కట్టాలి’ ఒక్కటే. ‘లేదు’, ‘వచ్చు’, ‘కూడదు’ కూడా అంతే: నేను పంపలేదు, వాళ్లు పంపలేదు. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు ఎదుటివాళ్లకు సందర్భం తెలుసు కాబట్టి బండి నడుస్తుంది. ఎక్కడో రాటర్‌డ్యామ్‌లో మెయిల్ తెరిచేవాడికి ఆ సందర్భం ఉండదు. అందుకని ఒక పని చేయండి. మీ మనసులోని వాక్యం ఆలి, లేదు, వచ్చు, కూడదు వీటిలో దేనితో ముగిసినా, కర్తను కాగితం మీద రాసేదాకా ఇంగ్లీషు మొదలుపెట్టకండి. మీ పది మెయిళ్లలో గందరగోళంగా ఉన్న వాక్యాలు ఏడు. వాటిలో నాలుగు ఈ నాలుగు ముగింపుల కిందికే వస్తాయి.

ఇక్కడ ఇంకో హెచ్చరిక. ఎవరైనా మీ వాక్యాన్ని ‘ఫ్రెయిట్ షుడ్ బి పెయిడ్ బిఫోర్ సెయిలింగ్’ అని దిద్ది ఇవ్వవచ్చు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు. కర్మను కర్త స్థానంలో కూర్చోబెట్టే కర్మణి వాక్యం అది. అయినా కంటైనర్ మళ్లీ ఆగుతుంది. ఎందుకంటే ఎవరు కట్టాలో ఇప్పటికీ చెప్పలేదు. డబ్బు, గడువు, బాధ్యత ఉన్న వాక్యాల్లో కర్తను బయటపెట్టండి. కర్మణి వాక్యం వేరేచోట అక్కరకొస్తుంది. చేసినవాళ్లు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా చెప్పడం మర్యాద కానప్పుడు: ‘టూ డ్రమ్స్ వర్ డ్యామేజ్డ్ డ్యూరింగ్ అన్‌లోడింగ్.’ ఎవరు దెబ్బతీశారన్న పంచాయితీ మెయిల్లో ఎందుకు?

మూడో రకం ‘నాకు’తో మొదలయ్యేవి. ‘టు అస్ నాట్ రిసీవ్డ్ ద పేమెంట్’ అని మీరు రాసింది ‘మాకు పేమెంట్ అందలేదు’కు నకలు. తెలుగులో తెలియడం, కావలసి రావడం, నచ్చడం, జబ్బు చేయడం, ఆకలి, గుర్తుండటం, ఉండటం ఇవన్నీ మనిషి చేసే పనులు కావు, మనిషికి జరిగేవి. అందుకే మనిషికి ‘కు’ తగులుతుంది. ఇంగ్లీషు ఇలాంటి చోట ఎక్కువగా మనిషినే కర్తను చేస్తుంది. నాకు తెలుసు, ‘ఐ నో’. మాకు రెండు రోజులు కావాలి, ‘వి నీడ్ టూ డేస్’. ఆయనకు శాంపిల్ నచ్చింది, ‘హి లైక్డ్ ద శాంపిల్’. నాకు జ్వరంగా ఉంది, ‘ఐ హావ్ ఎ ఫీవర్’. మాకు పేమెంట్ అందలేదు, ‘వి హావ్ నాట్ రిసీవ్డ్ ద పేమెంట్’. ‘కు’ కనబడిందని ‘టు’ పెట్టే అలవాటు మానాలి. ‘బయ్యరుకు శాంపిల్ పంపాం’లో ‘కు’ వేరు, అక్కడ బయ్యరు పుచ్చుకునేవాడు. ‘వి సెంట్ ద శాంపిల్ టు ద బయర్’ సరైనదే. ‘వి సెంట్ ద బయర్ ద శాంపిల్’ కూడా సరైనదే. పుచ్చుకునేవాడు ముందుకొస్తే ‘టు’ పోతుంది, వెనక్కి వెళితే ఉంటుంది. సెండ్, గివ్, షో, ఆఫర్ ఈ రెండు వరుసలనూ ఒప్పుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్ ఒప్పుకోదు. మీరు రాసిన ‘ఎక్స్‌ప్లెయిన్ అస్ ద రీజన్’ను ‘ఎక్స్‌ప్లెయిన్ ద రీజన్ టు అస్’ అని మార్చాలి.

కొన్ని క్రియలు కర్మను నేరుగా పట్టుకుంటాయి, మధ్యలో ఏ మాటా పెట్టనివ్వవు. ‘ధర గురించి చర్చించాం’ అన్న అలవాటుతో మీరు ‘డిస్కస్డ్ అబౌట్ ద ప్రైస్’ అన్నారు. డిస్కస్డ్ ద ప్రైస్ అంటే చాలు. ఇన్‌ఫర్మ్ టు యువర్ బ్యాంక్ కాదు, ఇన్‌ఫర్మ్ యువర్ బ్యాంక్. కంటైనర్ రీచ్డ్ టు చెన్నై కాదు, రీచ్డ్ చెన్నై. అదే అరైవ్ అయితే ‘అరైవ్డ్ ఇన్ చెన్నై’ అనాలి. దానికి కర్మ ఉండదు. వీటికి సూత్రం లేదు. మీ ఆఫీసు పనికి తగిలేవి ఇరవై దాకా ఉంటాయేమో, కంప్యూటర్ పక్కన చీటీ అంటించుకోవడమే మార్గం.

‘ద క్వాలిటీ ఆఫ్ ద డ్రమ్స్ ఆర్ గుడ్’ గురించి మీరు అడగలేదు గానీ, మీ మేనేజరు ఎక్కువసార్లు పైకి చదివింది బహుశా దీన్నే అయ్యుంటుంది. ‘డ్రమ్ముల నాణ్యత బాగుంది’ అన్నప్పుడు అసలు పేరు ‘నాణ్యత’ క్రియను ఆనుకునే ఉంటుంది, తప్పే వీలే లేదు. ఇంగ్లీషులో అసలు పేరు ముందుకు పోయి, ‘ఆఫ్ ద డ్రమ్స్’ వచ్చి క్రియ పక్కన కూర్చుంటుంది. చెవికి డ్రమ్స్ వినబడుతుంది, చేయి ఆర్ అని రాసేస్తుంది. ‘ఆఫ్’ నుంచి క్రియ దాకా వేలితో మూసి చదవండి. ద క్వాలిటీ... ఈజ్ గుడ్. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లూ తొందరలో జారే చోటు ఇది.

చేసే పద్ధతి చెబుతాను. మీరు పంపిన పాత మెయిళ్లే పాఠ్యపుస్తకం. రోజుకు ఐదు వాక్యాలు చాలు, ఇరవై నిమిషాల పని. ముందు ఆ వాక్యాన్ని నోటుబుక్కులో తెలుగులో రాయండి, మాట్లాడినట్టు కాదు, కర్తను బయటికి లాగి: ‘మేము నిన్న సాయంత్రం 80 డ్రమ్ములను కంటైనర్‌లోకి ఎక్కించాము.’ వదిలేసిన ‘ను’ కూడా తిరిగి తగిలించండి. తర్వాత చివర ఉన్న క్రియను తీసుకొచ్చి కర్త పక్కన పెట్టండి: మేము, ఎక్కించాము, 80 డ్రమ్ములను, కంటైనర్‌లోకి, నిన్న సాయంత్రం. తెలుగుగా చూస్తే వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి. ఇప్పుడు మాటకు మాట ఇంగ్లీషు పెట్టండి. ‘ను’ను కొట్టేయండి, ‘లోకి’ మాత్రం ఇంటుగా మారి పేరుకు ముందుకొస్తుంది: ‘వి లోడెడ్ 80 డ్రమ్స్ ఇంటు ద కంటైనర్ ఎస్టర్డే ఈవినింగ్.’ చివరగా, క్రియకు ముందున్న పేరును చూపించి ‘ఈ పని ఇది చేయగలదా?’ అని అడగండి. ఫ్రెయిట్ డబ్బు కట్టగలదా? డ్రమ్ము డ్రమ్మును ఎక్కించగలదా? ఈ ఒక్క ప్రశ్న మీ పెద్ద తప్పులను చాలావరకు గేటు దగ్గరే ఆపేస్తుంది. క్రియ లేకుండా ముగిసే తెలుగు వాక్యాలు వస్తే జాగ్రత్త. ‘ఆయన మా మేనేజరు’ మనకు పూర్తి వాక్యం. ఇంగ్లీషులో మధ్యన ఈజ్ లేకపోతే వాక్యమే కాదు.

ఇప్పుడు మీరడిగిన దారులు. ఫోన్ తర్జుమా తప్పేమీ కాదు. కానీ కర్త లేని తెలుగు వాక్యం పెడితే యంత్రం కర్తను ఊహిస్తుంది. ‘ఫ్రెయిట్ కట్టాలి’కి అది ‘వి’ పెట్టినా ‘యు’ పెట్టినా, వచ్చిన ఇంగ్లీషు చక్కగా ఉండి మీకు అనుమానం రాదు. అందులో ఉన్న ప్రమాదం అదే. కర్త, ‘ను’ రెండూ ఉన్న తెలుగు వాక్యమే పెట్టండి, వచ్చినదాంట్లో క్రియకు ముందున్న పేరు ఒకసారి చూసుకోండి. ఇంకో సంగతి, ధరలు, బ్యాంకు వివరాలు ఉన్న మెయిల్‌ను అలా పెట్టొచ్చో లేదో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

కోచింగుకు వెళితే నోటి భయం పోతుంది, మాట్లాడేందుకు తోడు దొరుకుతుంది. కానీ చాలాచోట్ల తమను తాము పరిచయం చేసుకోవడం, కాలాల పట్టిక, ఇంటర్వ్యూ ప్రశ్నలు, ఇంతటితో సరి. మీ ఇబ్బంది రాతలో ఉంది. చేరేముందు ఒక మెయిల్ తీసుకెళ్లి ‘ఇలాంటివి దిద్దుతారా?’ అని అడగండి. దిద్దుతామంటే ఫీజు కట్టండి. లేదంటే ఆ డబ్బూ సాయంత్రాలూ మీకే మిగిలాయనుకోండి.

స్టోర్స్‌కు మారడం ఓటమేమీ కాదు, మీకు నిజంగా ఆ పని ఇష్టమైతే. జీతంలో తేడా ఉంటుందా, సీజన్‌లో రాత్రి షిఫ్టులు పడతాయా ముందు కనుక్కోండి. అక్కడా ఇండెంట్లు, ఇన్‌వాయిస్‌లు ఇంగ్లీషులోనే వస్తాయి. నవ్వుతున్నారని మారితే మాత్రం నాలుగేళ్ల ఎగుమతి కాగితాల అనుభవాన్ని ఇంకొకరికి వదిలేసి వెళ్లినట్టవుతుంది. ఉద్యోగం మానేయమన్న మాట మీ ఆయన విసుగుతో అన్నారో, మీరు ఇంటికొచ్చి బాధపడటం చూడలేక అన్నారో మీకే తెలియాలి. రెండోదైతే, ఆయనకు కావాల్సింది మీ రాజీనామా కాకపోవచ్చు.

మేనేజరు సంగతి ఇంగ్లీషు సంగతి కాదు, దాన్ని దీనితో కలపకండి. తప్పు దిద్దడం ఆయన పని. నలుగురిలో చదివి నవ్వించడం ఎవరి పనీ కాదు. తోతాపురి మామిడి లారీలు గేటు బయట బారులు తీరే రోజుల్లో కాకుండా, కాస్త తీరికున్న రోజున, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అడగండి: ‘సార్, పేమెంటు, ఫ్రెయిట్, గడువు ఉన్న మెయిళ్లు నెల రోజులు పంపేముందు మీకు చూపిస్తాను. తప్పున్న చోట గీత గీసి ఇవ్వండి. అందరిలో చదవొద్దు.’ ఇలా అడిగితే మీ లోపాన్ని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, నిజమే. కానీ అది ఆఫీసంతటికీ ఎలాగూ తెలుసు. కొత్తగా తెలిసేది మీరు దానికి మందు వెతుక్కున్నారని. ఒప్పుకుంటే రెండు నెలల్లో మీకు దిద్దిన మెయిళ్ల కట్ట ఒకటి తయారవుతుంది. ఒప్పుకోకుండా చదవడం కొనసాగిస్తే తేదీలతో రాసి పెట్టుకుని, పైవాళ్లకు చెప్పాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించండి. చిన్న ఫ్యాక్టరీలో అలా పైకి వెళ్లాక మళ్లీ అదే గదిలో కూర్చోవడం తేలిక కాదు, అదీ లెక్కలో వేసుకోండి. అన్నట్టు, ఆయన ఇంటి భాష తమిళమైతే అందులోనూ క్రియ చివరే వస్తుంది, ‘ఎనక్కు’ అని మన ‘నాకు’ లాంటిదీ ఉంది. ఆయనా ఒకప్పుడు ఈ వాగు దాటినవారే.

మీ అబ్బాయి హోంవర్కుకు: ముందు క్రియ చుట్టూ సున్నా చుట్టించండి. దాని ముందు ‘ఎవరు, ఏది’ అని అడిగితే వచ్చేది సబ్జెక్టు, తర్వాత ‘ఎవరిని, దేన్ని’ అని అడిగితే వచ్చేది ఆబ్జెక్టు. పరీక్షల్లో పిల్లలు పడే గుంతలు రెండు. ‘మై మదర్ ఈజ్ ఎ క్లర్క్’లో క్లర్క్ ఆబ్జెక్టు కాదు. ఈజ్ ఏ పనీ చేయదు, అమ్మా క్లర్కూ ఒకరే అని చెబుతుందంతే. దాన్ని కాంప్లిమెంట్ అంటారు. రెండోది ‘ద ట్రెయిన్ అరైవ్డ్ ఎట్ కాట్పాడి’. కాట్పాడి ‘ఎట్’ చేతిలో ఉంది, క్రియ చేతిలో లేదు, కాబట్టి రెండు గీతలు వద్దు. ‘ద ట్రెయిన్ రీచ్డ్ కాట్పాడి’ అయితే గీయొచ్చు. మీ ఐదు వాక్యాలకూ వాడినే గీతలు గీయమనండి. డ్రమ్ములు వాటంతటవే ఎక్కిన వాక్యం వాడికి తప్పకుండా నచ్చుతుంది.

ఇక ఫ్రెయిట్ వాక్యం. మీ ఒప్పందం ఎఫ్.ఓ.బి. (ఫ్రీ ఆన్ బోర్డ్) అని రాశారు, అంటే ఓడ కిరాయి బయ్యరుదే. సి.ఐ.ఎఫ్. (కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రెయిట్) అయి ఉంటే మీ ఫ్యాక్టరీది అయ్యేది. వచ్చే సీజన్‌లో ఇలా పంపండి: ‘యాజ్ పర్ ది ఎఫ్.ఓ.బి. టర్మ్స్, ద బయర్ విల్ పే ద ఫ్రెయిట్. వి విల్ పే ద చార్జెస్ అప్ టు లోడింగ్ ఎట్ చెన్నై పోర్ట్. ప్లీజ్ కన్‌ఫర్మ్ దిస్ బిఫోర్ సెయిలింగ్.’ మొదటి వాక్యంలో ‘ద బయర్’ అన్నచోట ఆ కంపెనీ పేరే రాస్తే ఇంకా మంచిది. మూడో వాక్యంలో కర్త లేదేమిటని అడుగుతారేమో. ఎదుటివాళ్లను నేరుగా ‘చేయండి’ అని కోరేటప్పుడు మాత్రం ఇంగ్లీషు కూడా మనలాగే కర్తను మింగేస్తుంది.